తెడ్డు చప్పుడు

"డబ్బా నాది, మూత నాది. లోపలున్న కంపు మాత్రం నాది కాదు," అంది అత్తయ్య, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని.

లోపలున్నది ఎర. చేపని సన్నటి ముక్కలుగా కోసి, ఉప్పు చల్లి, ఆదివారానికని మా ఆయన గడ్డకట్టించి పెట్టుకున్నది. ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఎర మాత్రం ఐసు ట్రే పక్కనే ఉండిపోయింది.

"వేరే డబ్బాలోకి మారుస్తానని చెప్పాను కదా అత్తయ్యా."

"ఎప్పుడు? అది లేచి ఈదుకుంటూ పోయాకా?"

"అసలు ఆ డబ్బా మీదేనని ఏమిటి గుర్తు? నేను కొన్నవాటిలోదే అది."

అత్తయ్య మూత ఊడదీసి వెలుతురులో పెట్టింది. "ఇదిగో, అంచుమీద గాట్లు. నీ మొగుడికి పళ్ళొచ్చే రోజుల్లో కొరికినవి. నువ్వు కొన్నప్పుడు వాడికి పళ్ళొస్తున్నాయా?"

అవి కత్తి గాట్లన్నాను నేను. పళ్ళేనంది ఆమె. కత్తి గాటు తిన్నగా ఉంటుందంది. పంటి గాటు గుండ్రంగా ఉంటుందన్నాను. చిలికి చిలికి గాలివాన అవుతుండగా ఆమె ఆ మూత పట్టుకెళ్ళి, బల్ల దగ్గర కూర్చున్న కొడుకు ముందు పెట్టింది.

"ఒరేయ్, ఇవి నీ పళ్ళా కావా?"

ఇదే గొడవ ఇంతకుముందు వచ్చి ఉంటే మా ఆయన ఆ మూతని నోట్లో పెట్టుకుని కొరికి, కొత్త గాట్లూ పాత గాట్లూ పక్కపక్కన చూపించి, తీర్పు చెప్పి, తీర్పు మీద మళ్ళీ తనే అప్పీలుకు వెళ్ళేవారు. ఇప్పుడు మూత వైపు చూశారు.

"ఏమో," అన్నారు. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

తీర్పరి లేని తగువు ఎంతసేపు సాగుతుంది? అత్తయ్య మూత పెట్టేసి డబ్బా మళ్ళీ లోపలే పెట్టింది. కాలేజీకి బయల్దేరుతున్న మా అమ్మాయి చెప్పులు వేసుకుంటూ, "రేడియో ఇంకా పలకట్లేదా?" అంది. ఎవరం నవ్వలేదు. అడిగిన పిల్ల కూడా నవ్వలేదు.

రేడియో అని ఆయనకి పేరు పెట్టింది అఖాతంలో చేపలు పట్టే స్నేహితులు. ఆయన లిఫ్టు మెకానిక్. లిఫ్టు గది నెత్తిమీద కూర్చుని, చీకటి గొట్టంలో పైకీ కిందకీ పోతూ, పట్టాలకి గ్రీజు రాసే పని. అలాంటి పని చేసేవాళ్ళు సాధారణంగా మాటలు తక్కువ మనుషులంటారు. ఈయన ఆ గొట్టంలోంచే పై అంతస్తు వాళ్ళ పెళ్ళి సంబంధాలూ కింది అంతస్తు వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ కనుక్కునేవారు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. స్నేహితులు రేడియో అంటే, వాళ్ళందరికీ పెద్దయిన డ్రిల్లు మాస్టారు, "ఆపడానికి మీట లేని రేడియో" అని సవరించారు. బడిలో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి ఆయన. మెడలో విజిల్ మాత్రం రిటైరవలేదు.

వాళ్ళు వాడేవి కయాకులు. సన్నగా, పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ పడవలు. ఒక్కో దాంట్లో ఒక్కరే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకుంటారు. తెడ్డు చేజారినా కొట్టుకుపోకుండా, దాన్ని ఒక చిన్న తాడుతో పడవకి కట్టేస్తారు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి, గాలి తిరగకముందే వచ్చేస్తారు. తిరిగితే ఆ గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు కొడుతుంది. చేతుల్లో బలం ఉన్నవాడు ఎదురీది వస్తాడు. లేనివాడు లోపలికి పోతూ ఉంటాడు.

ఆ పోయేవాళ్ళని తాడు కట్టి లాక్కురావడం వీళ్ళకి చేపలు పట్టడం కన్నా పెద్ద పనైపోయింది. అద్దె పడవలో సరదాకి వచ్చిన కొత్త జంట ఒడ్డు చేరలేక ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు. ఎవరికో భుజం పట్టేస్తుంది. ఇంటికొచ్చాక "ఎన్ని పట్టారు?" అనడిగితే, "చేపలు లేవు, మనుషులు ఇద్దరు. ఇద్దరూ చిన్న సైజే, వదిలేశాను," అనేవారు.

లాగడానికి డ్రిల్లు మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. లాగేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. అలల్లో మెడ తిప్పితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే పడవ ఒరుగుతుంది. అందుకని ముందువాడు గట్టిగా మాట్లాడుతూనే ఉండాలి. గాలి ఎదురుగా కొడుతుంది కాబట్టి వాడి మాట వెనక్కి చేరుతుంది. వెనకవాడి మాట ముందుకి రాదు. అందుకని వెనకవాడు తెడ్డుతో పడవ అంచు మీద కొట్టాలి. ఒక దెబ్బ అంటే ఉన్నాను, లాగు. రెండు దెబ్బలంటే ఆగు. ఈ పద్ధతి మా ఆయన కోసమే పుట్టినట్టుండేది. మాట్లాడుతూ ఉండటమే ఉద్యోగమైతే ఆయనకి పైనుంచి బోనస్ ఇవ్వాలని మాస్టారు అనేవారు.

బేకరీ ఆయన ఈ బృందంలో కొత్త. నిదానస్తుడు. ఆ ఆదివారం గాలి ముందుగానే తిరిగింది. అందరూ ఒడ్డు వైపు మళ్ళారు. బేకరీ ఆయన వెనకబడ్డాడు. చేతులు లాగేస్తున్నాయన్నాడట. మా ఆయన వెనక్కి వెళ్ళి, అతని పడవ ముక్కుకి తాడు కట్టి, లాగడం మొదలుపెట్టారు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. దారి పొడుగునా వెనకనుంచి చప్పుడు వస్తూనే ఉంది.

ఒడ్డున ఉన్నవాళ్ళకి వినపడేంత దగ్గరకి రాగానే, "మావాడు భేషుగ్గా ఉన్నాడు, అడిగినదానికల్లా జవాబే!" అని అరిచారట. పడవ ఇసుకని తాకాక దిగి వెనక్కి చూశారు.

బేకరీ ఆయన సీటుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తెడ్డు ఒళ్ళోంచి జారి, కట్టిన తాడు పొడుగున నీళ్ళలో వేలాడుతోంది. అల వచ్చినప్పుడల్లా అది పడవకి తగులుతోంది. టక్. కాసేపాగి, టక్.

గుండె ఆగిందన్నారు డాక్టరు. దారిలోనే అన్నారు. దారిలో ఎక్కడ అంటే చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి ఈ సంగతంతా మా ఆయన ఒక్కసారే చెప్పారు, కరెంటు మీటరు అంకెలు చదివినట్టు. స్నానం చేసి పడుకున్నారు. మర్నాడు పనికి వెళ్ళారు. అప్పటినుంచీ అంతే. తాగి వస్తే తిట్టడం నాకు తెలుసు. ఏడిస్తే పక్కన కూర్చోవడం తెలుసు. ఈ మనిషి అన్నీ సక్రమంగా చేస్తున్నారు. దుప్పటి మడత పెడుతున్నారు. తిన్న కంచం తీస్తున్నారు. కుళాయి కారుతోందంటే వాషరు మార్చారు. ఆయన కింద పనిచేసే కుర్రవాళ్ళు, "సారు ఇప్పుడు గంటలో పని అరగంటలో చేసేస్తున్నారమ్మా," అని మెచ్చుకున్నారు. ఉలుకూ పలుకూ లేని మనిషి వల్ల లోకానికి ఇంత లాభం ఉంటుందని నాకు తెలియదు.

ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. ఆయన తిని లేచారు. ఆయనకి రుచి కూడా తెలియడం లేదని అత్తయ్యతో చెప్పుకుందామనుకున్నాను. నేనూ అదే కూర తిని లేచానని అప్పుడు గుర్తొచ్చింది. ఉప్పు లేదన్నది అత్తయ్య, తర్వాత వచ్చి తిన్నప్పుడు.

డ్రిల్లు మాస్టారు వచ్చారు. రాగానే వీపు మీద చరిచారు.

"ఏమయ్యా రేడియో, సెల్లు అయిపోయాయా?"

"లేదండీ."

"ఆదివారం రేవుకి రావట్లేదేం? నువ్వు లేకపోతే చేపలు బెంగెట్టుకుంటున్నాయి. ప్రశాంతంగా ఉందని ఇంకా ఎక్కువ పడుతున్నాయి, అది వేరే సంగతి."

"ఊ."

"నీ తప్పేంటయ్యా అందులో? నేనున్నా అంతే చేసేవాణ్ణి. పద్ధతి పెట్టింది నేను, నువ్వు కాదు."

"ఊ."

మాస్టారు టీ పూర్తిగా తాగారు, బిస్కెట్లు ముట్టుకోలేదు. గేటు దాకా వెళ్ళి ఆగి, విజిల్ వేళ్ళతో తిప్పుతూ, "చెల్లెమ్మా, పిల్లలు పడితే లేపడం తెలుసు, పారిపోతే పట్టుకురావడం తెలుసు. ఇలా నిలబడిపోయినవాణ్ణి ఏం చెయ్యాలో నాకు మా ట్రైనింగులో చెప్పలేదమ్మా," అన్నారు. నాకూ ఎవరూ చెప్పలేదన్నాను.

బేకరీ ఆయన భార్య మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. మా ఆయన అప్పుడే పనినుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటున్నారు. తలుపు నేనే తీశాను. ఆమెని అంతకుముందు ఒక్కసారి చూశాను, ఆసుపత్రి వరండాలో. చేతిలో గుడ్డసంచి, అందులో చుట్టగా చుట్టిన తాడు. వాళ్ళ పడవ ముక్కుకి కట్టి ఉండిపోయిన మా తాడు. ఉప్పు పోయేలా ఉతికి, ఆరేసి, చిక్కులు తీసి తెచ్చింది.

"మీదంటగా వదినగారూ. పడవతోపాటు మా ఇంటికొచ్చేసింది," అంది.

కూర్చోమన్నాను. తాడుని స్టూలు మీద పెట్టి కుర్చీ అంచున కూర్చుంది. మా ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెని చూసి నిలబడ్డారు. అత్తయ్య లోపలి గదిలోంచి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ పని పాడుచెయ్యను. ఒక్క మాట అడిగి పోతాను," అందామె. "ఆరోజు రేవునుంచి ఎవరో నాకు ఫోన్ చేశారు. వచ్చేస్తున్నాడమ్మా, దారంతా మాట్లాడుతూనే వస్తున్నాడంట, కంగారుపడకు అన్నారు. కాసేపటికి ఇంకో ఫోన్ వచ్చింది." ఖాళీ సంచి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మా ఇంట్లో ఆయన నోరు తెరిచేదే తక్కువ. రోజూ పిండి కలిపేవాడు, పొయ్యి చూసుకునేవాడు. నేను పది మాటలంటే ఆయనది ఒకటి. మీతో అంతసేపు ఏం మాట్లాడాడా అని. నాకది తెలియాలి."

ఆయన తువ్వాలు మడత పెట్టారు. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టారు.

దారంతా మాట్లాడాడన్న మాట ఎలా పుట్టిందో నాకు తెలుసు. ఒడ్డు చేరకముందు మా ఆయన వేసిన కేకే అది. నోటా నోటా ఆమె దాకా వెళ్ళింది. తెడ్డు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏదో ఒకటి చెప్పి పంపేస్తే బాగుండునని నాకనిపించింది. నాకన్నా ముందు అత్తయ్యకి అనిపించింది.

"ఇంకెవరి గురించి తల్లీ, నీ గురించే," అంది. "మా ఇంటిది, మా పిల్లలు అనుకుంటూ..."

"అమ్మా, ఊరుకో," అన్నారు మా ఆయన.

అన్ని వారాల్లో ఆయన గొంతు ఆ మాత్రం లేవడం అదే మొదటిసారి.

ఆమెకి ఎదురుగా కూర్చున్నారు. "ఆయనేం మాట్లాడలేదమ్మా. మాట్లాడింది నేను," అని మొదలుపెట్టి, పద్ధతి చెప్పారు. ముందువాడి మాట, వెనకవాడి చప్పుడు. ఒక దెబ్బ అంటే ఏమిటి, రెండంటే ఏమిటి. అతని తెడ్డు జారి ఉండటం చెప్పారు. అల తగిలినప్పుడల్లా అది చప్పుడు చేయడం చెప్పారు. "దాన్నే నేను ఆయననుకున్నాను," అన్నారు.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "మరి మీరేం మాట్లాడారు?" అంది.

"ఏవేవో. ముసురు పట్టిన రోజు పిండి ఆలస్యంగా పొంగుతుందా అనడిగాను. టక్కుమంది. లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళికొడుకు కథ చెప్పాను. టక్కుమంది. నవ్వొచ్చిందన్నమాట అనుకున్నాను." ఆయన కళ్ళు నేలమీద ఉన్నాయి. "ఇంట్లో ఆవిడంటే భయమా అనడిగాను."

ఆమె తలెత్తింది.

"రెండుసార్లు చప్పుడైంది," అన్నారు.

ఆ ముక్క ఆయన నాకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య గోడకి చెయ్యి ఆనించింది.

"రెండంటే ఆగమని కదా," అంది ఆమె.

"అవునమ్మా. నేను నవ్వాను. భయమే, భయమే అంటున్నాడనుకున్నాను. ఆగలేదు."

"అది తెడ్డా? ఆయనా?"

"తెలీదు."

"ఆగి ఉంటే?"

"తెలీదు. ఆగితే గాలి మమ్మల్ని మళ్ళీ లోపలికి తోసేది. చూసినా ఏం చెయ్యగలిగేవాణ్ణో తెలీదు. కానీ చూసేవాణ్ణి."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"నేనంటే భయమేం లేదు ఆయనకి," అందామె చివరికి. "నన్నడగందే కొత్త చొక్కా కూడా తొడుక్కునేవాడు కాదు. కానీ భయం కాదది. భయమా అని నేనడిగితే కాదనే అనేవాడు." ఆ ప్రశ్న ఇంతకాలానికి ఎవరో తననే అడిగినట్టు, జాగ్రత్తగా జవాబు చెప్పింది. తర్వాత, "కాసిని మంచినీళ్ళిస్తారా వదినగారూ?" అంది. ఇస్తే గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మా ఆయన వైపు తిరిగింది. "ఇంకెవరైనా అడిగితే మాట్లాడుతూ వచ్చాడనే చెప్తాను. నాకు మాత్రం నిజం చెప్పారు. అది చాలు." ఓదార్చడానికి వచ్చిన గొంతు కాదు, తిట్టడానికి వచ్చిందీ కాదు. లెక్క సరిచూసుకుని వెళ్ళే మనిషిలా మెట్లు దిగి వెళ్ళింది.

అత్తయ్య కొడుకు మీద పడింది. "ఏం మనిషివిరా! ఒక్క అబద్ధం ఆడితే నీ నోరు పడిపోయేదా? రెండు దెబ్బల సంగతి ఆ పిల్లకెందుకు? ఇంక జన్మంతా దాన్నే తల్చుకుంటూ కూర్చుంటుంది."

"కూర్చుంటుంది," అన్నారు ఆయన. "నేనూ కూర్చుంటా."

నాకు ఆయన మీద కోపం రావాలి. రెండు దెబ్బల మాట నాకెందుకు చెప్పలేదని. జాలి రావాలి. రెండూ ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టు తెలుస్తూనే ఉన్నాయి, ఇటు రావడం లేదు. తాడు తీసి కొక్కేనికి తగిలించాను. పొయ్యి వెలిగించాను.

అందరం కలిసి భోంచేసేది శనివారం మధ్యాహ్నం ఒక్క పూటే. మా అమ్మాయికి కాలేజీ ఉండదు, ఆయనకి సగం రోజే పని. ఆరోజు ఆయన ఆలస్యంగా వచ్చారు. ఎక్కడికెళ్ళారంటే, మాస్టారి ఇంటికన్నారు. ఇంకేం చెప్పలేదు. కంచాలు పెట్టాను. అత్తయ్య మా అమ్మాయి జుట్టు కంచంలో పడుతోందని సణుగుతోంది, జడ వేసుకుంటే పోయేదానికి ఆ విరబోసుకోవడం ఏమిటని. మా అమ్మాయి నాన్నమ్మ కళ్ళజోడు కూడా కంచంలో పడబోతోందంటోంది. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపారు.

"రేపు రేవుకి వెళ్తున్నాను," అన్నారు.

అత్తయ్య, "పోనీలే నాయనా, కాస్త గాలి తగులుతుంది," అంటూ గరిటె అందుకుంది.

"నేనింక తాడు కట్టుకోను," అన్నారు. గొంతులో ఏమీ లేదు. ఏ భవనంలో లిఫ్టు ఏ పూట ఆపాలో చెప్పే గొంతే. "మాస్టారితో మాట్లాడాను. ఇకమీదట ఎవర్ని లాగినా రెండు పడవలు పోవాలి. ఒకటి ముందు, ఒకటి పక్కన. ముందు ఎవరైనా లాగుతారు, లాగేవాళ్ళు చాలామంది ఉన్నారు. పక్కన నేను పోతాను. ఆ మనిషి మొహం చూస్తూ. రెండో పడవ లేనిరోజు లోపలికి ఎవరం వెళ్ళం."

"చేపలో?" అంది అత్తయ్య.

"దొరికితే దొరుకుతాయి."

మాస్టారు ఒప్పుకున్నారా అనడిగాను. ముందు విజిలేశారనీ, తర్వాత ఒప్పుకున్నారనీ చెప్పారు. నేను నవ్వాలేమో అన్నట్టు నావైపు చూశారు. నవ్వడానికి ప్రయత్నించాను, ముఖం సగం దాకా కదిలింది.

మా అమ్మాయి నీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. "పక్కనుంటే వాళ్ళ మాట నీకు వినపడుతుంది కదా నాన్నా. మరి నువ్వు మాట్లాడతావా?"

ఆయన గ్లాసెత్తి ఒక గుక్క తాగారు.

"మాట్లాడను," అన్నారు. "చూస్తాను."